ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్లకు ఏ యాంప్? ఉన్న రిసీవర్ ఇరవై నిమిషాలకే ఆగిపోతోంది

మణికొండ మధ్యమావతి

అందరికీ నమస్తే. రెండేళ్లుగా ఇక్కడ చదివి పోయేవాణ్నే, రాయడం ఇదే మొదలు, తప్పులుంటే సర్దుకోండి.

పోయిన నెల బెంగళూరులో ఒకాయన ఇల్లు మారుతూ మార్టిన్ లోగన్ ఎలక్ట్రోమోషన్ ఈఎస్ఎల్ (ఎలక్ట్రోస్టాటిక్) స్పీకర్ల జత అమ్మేస్తుంటే తీసుకున్నాను. కారు వెనక సీటు మడిచి, దుప్పట్లు చుట్టి, స్పీడ్ బ్రేకర్ కనిపించినప్పుడల్లా దేవుణ్ని తలుచుకుంటూ ఇంటికి చేర్చాను. మొదటి రాత్రి ఈమని శంకరశాస్త్రి గారి వీణ పెట్టాను. మీటు పడ్డాక తీగ మీద వేలు జారుతుందే, ఆ చప్పుడు ఇన్నేళ్లూ నాకు వినపడనే లేదు. కొన్న డబ్బు గురించి ఆ తర్వాత ఇంట్లో ఎవరూ అడగలేదు.

ఇక గొడవంతా యాంప్‌తోనే. నా దగ్గరున్నది ఎనిమిదేళ్ల నాటి ఏవీ రిసీవర్ (టీవీకీ పాటలకీ కలిపి వాడే యాంప్), బ్రాండ్ ఎందుకులెండి, అట్టపెట్టె మీద ఛానెల్‌కి 100 వాట్లని ఉంది. చిన్న సౌండ్‌లో బాగానే పాడుతుంది. కొంచెం పెంచి ఇళయరాజా పాటలు నాలుగు పెట్టేసరికి ఇరవై నిమిషాల్లో టక్కుమని ఆగిపోతుంది. చల్లారాక మళ్లీ మామూలే. మెనూలో 8 ఓమ్స్, 4 ఓమ్స్ అని సెట్టింగ్ ఉంటే 4కి మార్చాను. ఏమీ ఒరగలేదు, పైగా గొంతు నొక్కినట్టు అయింది. ఆగనప్పుడు కూడా వయొలిన్ పై స్థాయికి వెళ్తే గీరినట్టు వినిపిస్తోంది.

స్పీకర్ల కాగితంలో ఇంపీడెన్స్ (కరెంటుకి అడ్డు) 6 ఓమ్స్, 20 కిలోహెర్ట్జ్ దగ్గర 1.6 ఓమ్స్ అని ఉంది. సెన్సిటివిటీ 91 డీబీ, యాంప్ 20 నుంచి 275 వాట్ల దాకా వాడొచ్చట. 20 వాట్లు చాలని వాళ్లే రాస్తే 100 వాట్లది ఎందుకు చతికిలబడుతోందో అర్థం కావడం లేదు.

గది 12 బై 16 అడుగులు. బడ్జెట్ లక్షన్నర, దాటితే ఇంట్లో మర్యాద దక్కదు. చూస్తున్నవి మూడు. ఒకటి, ఊళ్లోనే ఒకాయన చేత్తో కట్టే ఈఎల్34 పుష్‌పుల్ వాల్వ్ (గాజు ట్యూబ్) యాంప్, 40 వాట్లు. రెండు, ఎన్‌కోర్ అనే రెడీమేడ్ మాడ్యూల్ పెట్టిన క్లాస్ డి (స్విచ్‌లా కొట్టుకుంటూ నడిచే రకం) పెట్టె, అరచేతిలో పట్టేంత. మూడు, సెకండ్‌హ్యాండ్ క్లాస్ ఏబీ (మామూలు ట్రాన్సిస్టర్ రకం) పవర్ యాంప్, పాతికేళ్ల నాటిది, ఎత్తాలంటే ఇద్దరు కావాలి. దాని కాగితంలో 8 ఓమ్స్‌లో 125, 4లో 240, 2లో 400 వాట్లని ఉంది. ఏది తీసుకోమంటారు?

---

సోల్డర్ సుబ్బయ్య

తమ్ముడూ, ముందు ఒక మాట చెప్పు, ఆ రిసీవర్ ఎక్కడ పెట్టావు? టీవీ యూనిట్‌లో అద్దం తలుపు వెనక అయితే కాదు కదా? అది తేలితే సగం తేలినట్టే.

ఈలోగా నీ ప్రశ్నకు వస్తా. మామూలు స్పీకర్ అంటే తీగచుట్ట, అయస్కాంతం. నీ ప్యానెల్ అంటే కెపాసిటర్ (చార్జ్ దాచుకునే భాగం), అంతే. చిల్లులున్న రెండు రేకుల మధ్య పల్చటి ప్లాస్టిక్ పొర, ఆ పొరకి వేల వోల్టుల చార్జ్. ఆ పొరని లాగి తోయాలంటే రేకులకిచ్చే సిగ్నల్ కూడా వేల వోల్టుల్లో ఉండాలి. యాంప్ ఇచ్చేది పదుల్లో. అందుకని స్పీకర్ అడుగున ఒక స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. అసలు తిరకాసు ఇక్కడే. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని వంద రెట్లు పెంచుతుందనుకో, అవతలున్న కెపాసిటెన్స్ ఇవతలున్న యాంప్‌కి పదివేల రెట్లయి కనిపిస్తుంది. కెపాసిటర్‌కి ఫ్రీక్వెన్సీ రెట్టింపయితే ఇంపీడెన్స్ సగమవుతుంది. అందుకే కింద మామూలుగా ఉన్నది పైకి పోయేకొద్దీ జారిపోయి 1.6 దగ్గర తేలింది.

నీ స్పీకర్ హైబ్రిడ్, 500 హెర్ట్జ్ కింద పనంతా 8 అంగుళాల వూఫర్‌ది (బేస్ పలికే మామూలు స్పీకర్), పైన ప్యానెల్‌ది. కాబట్టి బేస్‌కి కావాల్సిన వాట్లు మామూలు స్పీకర్ లెక్కే. 20 వాట్లు చాలని రాసింది అందుకే, అబద్ధం కాదు. కానీ వాట్లు వేరు, ఆ లోడ్ మొయ్యడం వేరు.

మామూలు రెసిస్టర్‌లో వోల్టేజీ నిండుగా ఉన్నప్పుడే కరెంటూ నిండుగా పోతుంది, ఆ క్షణంలో అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ మీద మిగిలే వోల్టేజీ తక్కువ కాబట్టి అది బతికిపోతుంది. కెపాసిటర్‌లో కరెంటు ముందే పరిగెడుతుంది. వోల్టేజీ ఇంకా సున్నా దగ్గర ఉండగానే కరెంటు నిండుగా లాగుతుంది, అప్పుడు పవర్ సప్లై వోల్టేజీ మొత్తం ట్రాన్సిస్టర్ నెత్తినే ఉంటుంది. ప్యానెల్ తీసుకున్నదాన్ని మళ్లీ వెనక్కి తోసేస్తుంది, వేడి మాత్రం హీట్‌సింక్‌కి మిగులుతుంది. చవక రిసీవర్లలో ట్రాన్సిస్టర్లని కాపాడ్డానికి ఒక లిమిటర్ సర్క్యూట్ పెడతారు, అది కరెంటునీ వోల్టేజీనీ కలిపి చూసి ప్రమాదం అనుకుంటే సిగ్నల్‌ని కత్తిరిస్తుంది. నీ వయొలిన్ గీరుడు అది కావచ్చు.

ఆ 4 ఓమ్స్ సెట్టింగ్ సంగతి. చాలా రిసీవర్లలో అది చేసేదల్లా లోపల సప్లై వోల్టేజీ తగ్గించడం. అంటే వేడి పుట్టకుండా పెట్టె గొంతు తగ్గించడం, కరెంటు ఇచ్చే సత్తా వీసమంత కూడా పెరగదు. మళ్లీ 8కి పెట్టెయ్.

---

ఊరికే చదివేవాణ్ని

ఇంత కథ ఎందుకు గురువుగారూ. పెళ్లిళ్లలో వాడే 500 వాట్ల పీఏ యాంప్ ఒకటి పట్టుకొచ్చి తగిలించెయ్యమనండి, 2 ఓమ్స్ ఏం ఖర్మ, దేన్నైనా మోస్తుంది. పదివేలల్లో పని అయిపోద్ది.

---

వాల్తేరు వాల్వు

పైన పీఏ యాంప్ సలహా ఇచ్చినాయన సరదాకే అన్నారనుకుంటాను. మోస్తుంది, నిజమే. స్పీకర్ దాన్ని మోస్తుందా అన్నది ఎవరడగాలి?

నా దగ్గర క్వాడ్ ఈఎస్ఎల్-63 జత ఉంది, మా మేనమామ ఇంగ్లండ్‌లో ఉద్యోగం చేసి తిరిగొస్తూ తెచ్చినవి. 1963లో పని మొదలుపెట్టారు కాబట్టి 63, బజార్లోకి వచ్చింది మాత్రం 1981లో. హంటింగ్డన్‌లో పీటర్ వాకర్ గారి కంపెనీ. దానికి ముందు 1957లో వచ్చిన మొదటి ఈఎస్ఎల్‌కి జనం తగిలించింది అదే కంపెనీ క్వాడ్ 2 వాల్వ్ యాంప్, కేటీ66 జతతో, ఎంతనుకుంటున్నారు, 15 వాట్లు. ఆ 15 వాట్లతో ప్రపంచమంతా మురిసిపోయింది. ఆ స్పీకర్‌కి పరిమితి 33 వోల్టుల పీక్. దాటితే లోపల నిప్పురవ్వ ఎగిరి ప్యానెల్‌కి చిల్లు పడుతుంది. తర్వాత 1967లో వాళ్లే ట్రాన్సిస్టర్ 303 తెచ్చారు, 45 వాట్లు, 8 ఓమ్స్‌లో లెక్క కడితే 27 వోల్టుల పీక్ దాటదు, ఇబ్బంది లేదు. 1975లో 100 వాట్ల 405 వచ్చేసరికి 40 వోల్టులు పలకడం మొదలైంది, ఆ పాత స్పీకర్‌తో వాడేవాళ్లకి వోల్టేజీ తగ్గించే ఏర్పాటు విడిగా ఇవ్వాల్సి వచ్చింది. చూశారా, తయారు చేసినవాళ్లే తమ యాంప్ నుంచి తమ స్పీకర్‌ని కాపాడుకున్నారు.

63లో కాపలా లోపలే పెట్టారు. 40 వోల్టులు దాటితే ముందు నెమ్మదిగా నొక్కుతుంది, 55 దాటితే ఇన్‌పుట్‌నే షార్ట్ చేసేస్తుంది. ప్యానెల్ బతుకుతుంది, ఇక యాంప్ అదృష్టం. మా అల్లుడు ఒక సంక్రాంతికి వచ్చి, నేను బజారుకి వెళ్లిన సమయంలో తన భారీ యాంప్ తెచ్చి తగిలించాడు. నేను వచ్చేసరికి ఇల్లంతా కాలిన వాసన, కూతురి మొహం అటు, అల్లుడి మొహం ఇటు. స్పీకర్లకి ఏమీ కాలేదు. ఆ యాంప్ గురించి మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ మాట్లాడరు.

మీది హైబ్రిడ్ కాబట్టి పరిమితి వేరు, 275 వాట్ల దాకా అన్నారు, భయం లేదు. నా ఓటు వాల్వ్‌కే. కర్ణాటక సంగీతం వినేవాళ్లకి ఎలక్ట్రోస్టాటిక్, వాల్వ్ కలిస్తే పాలూ పంచదారే. 4 ఓమ్స్ ట్యాప్‌కి (యాంప్ వెనక స్పీకర్ తగిలించే చోటు) తగిలించండి, 2 ఓమ్స్ ట్యాప్ కూడా తీయించగలిగితే మరీ మంచిది, చేత్తో కట్టే ఆయనే కదా, ట్రాన్స్‌ఫార్మర్ చుట్టేటప్పుడే చెప్తే సరి. 8 నుంచి 4కి దిగితే యాంప్ అవుట్‌పుట్ ఇంపీడెన్స్ (యాంప్ లోపలి అడ్డు) కూడా సగమవుతుంది. పై స్వరాలు అంత తగ్గవు.

---

డాలస్ డైపోల్

నేను ఇక్కడ పదేళ్లుగా మార్టిన్ లోగన్లే వాడుతున్నాను, మూడు మోడళ్లు మారాయి. వాల్తేరు అంకుల్ మీద గౌరవం ఉంది కానీ ఈ సలహాతో ఏకీభవించను.

మామూలు ఈఎల్34 యాంప్‌కి డ్యాంపింగ్ ఫ్యాక్టర్ 8 అనుకుందాం. అంటే 8 ఓమ్స్‌ని 8తో భాగించు, అవుట్‌పుట్ ఇంపీడెన్స్ 1 ఓమ్. స్పీకర్ 1.6. సిగ్నల్‌లో 1.6 బై 2.6 మాత్రమే స్పీకర్‌కి చేరుతుంది, 4 డీబీకి పైగా పోయినట్టే. వీణ తీయగా ఉందంటే పైన కోసేశారు కాబట్టి తీయగా ఉంది, అంతే.

క్లాస్ డి తీసుకో బ్రో, కానీ ఏది పడితే అది కాదు. క్లాస్ డిలో చివర ఒక కాయిల్, ఒక కెపాసిటర్ కలిపిన ఫిల్టర్ ఉంటుంది. చవక బోర్డుల్లో ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌ని ఇన్‌పుట్‌తో పోల్చి సరిచేసే సిగ్నల్) ఆ ఫిల్టర్‌కి ముందే తీసుకుంటారు, అప్పుడు ఫిల్టర్ ప్రవర్తన నీ స్పీకర్ ఇంపీడెన్స్‌ని బట్టి మారిపోతుంది. వాళ్లు 4 ఓమ్స్ రెసిస్టర్ పెట్టి గీసిన గ్రాఫ్ నీ ఇంట్లో ఉండదు. నేను అలాంటి బోర్డు ఒకటి సరదాకి తగిలించి చూశాను, తాళాలు మోగుతుంటే తడిబట్ట కప్పినట్టు వినిపించింది. ఎన్‌కోర్ లాంటివాటిలో, అంటే బ్రూనో పుట్జేస్ డిజైన్లలో, ఫీడ్‌బ్యాక్ ఫిల్టర్ తర్వాత తీసుకుంటారు. లోడ్ ఏదైనా పెద్దగా చలించవు. నా దగ్గర మూడేళ్లుగా రోజూ నడుస్తోంది, వేడీ లేదు, గొడవా లేదు. అయితే ఎన్‌కోర్ అన్నీ ఒకటి కాదు, నీకిచ్చే మాడ్యూల్ నంబర్ కనుక్కుని దాని కాగితంలో 2 ఓమ్స్‌లో ఎంత కరెంటు ఇస్తుందో చూడు. కొన్నింటిలో 4 దగ్గర బ్రహ్మాండంగా ఉండి 2 దగ్గర వాట్లు తగ్గుతాయి, అంటే కరెంటు లిమిట్ కొట్టేసిందన్నమాట.

---

లెక్కల మాస్టారు

డాలస్ బాబూ, లెక్కలో చిన్న పొరపాటు. 1.6ని 2.6తో భాగించేశావు, రెండూ రెసిస్టర్లయితే అది సరే. ఒకటి రెసిస్టెన్స్, ఇంకోటి కెపాసిటర్ అయితే అవి నేరుగా కూడవు, లంబకోణ త్రిభుజంలా కూడతాయి. 1.6 వర్గం, 1 వర్గం కలిపి వర్గమూలం తీస్తే 1.89. నష్టం 1.4 డీబీ. నువ్వు చెప్పింది 4.2. నిజానికి ట్రాన్స్‌ఫార్మర్ చుట్టల రెసిస్టెన్స్, లోపలి క్రాసోవర్ (స్వరాల్ని వూఫర్‌కీ ప్యానెల్‌కీ పంచే సర్క్యూట్) అన్నీ కలిసి అసలు స్పీకర్ ఈ రెండిటి మధ్యలో ఎక్కడో ఉంటుంది. అదీ 20 కిలోహెర్ట్జ్ దగ్గర, నాలాంటి అరవై దాటినవాడికి అక్కడ ఏమున్నా ఒకటే. 10 కిలోహెర్ట్జ్ దగ్గర ఇంపీడెన్స్ సుమారు రెట్టింపు, 3.2 అనుకుంటే నష్టం 0.4 నుంచి 2.4 డీబీ మధ్య. ఇంకో సంగతి, మధ్య స్వరాల్లో 6 ఓమ్స్ ఉన్నచోట కూడా అదే యాంప్ 1.3 డీబీ పోగొట్టుకుంటుంది. చెవికి తెలిసేది ఈ రెండిటి తేడానే కదా. కాబట్టి వాల్వ్ పెడితే పైన కోసేసినట్టు అనడం అతిశయోక్తి. కొంచెం మెత్తబడుతుంది, అంతవరకు ఒప్పుకుంటాను.

అలాగని వాల్తేరు వారి పాలూ పంచదారా కూడా యథాతథంగా మింగలేను. పుట్టే మెత్తదనం ఎంతో ఆ యాంప్ అవుట్‌పుట్ ఇంపీడెన్స్ తెలియకుండా చెప్పలేం, చేత్తో కట్టే యాంప్‌లకి ఆ అంకె ఎవరూ కొలిచి ఇవ్వరు. అడిగి చూడండి. మొహమాటపడి నవ్వితే మీరే అర్థం చేసుకోండి.

ట్రాన్సిస్టర్ యాంప్ కాగితంలో డ్యాంపింగ్ ఫ్యాక్టర్ 200 అని చూసి మురవకండి. అది మామూలుగా కింది ఫ్రీక్వెన్సీల దగ్గర కొలిచింది. కెపాసిటివ్ లోడ్‌తో యాంప్ ఊగిపోకుండా, అంటే దానంతటది ఆసిలేట్ అవకుండా, చాలామంది అవుట్‌పుట్‌లో చిన్న కాయిల్ పెడతారు. 2 మైక్రోహెన్రీ కాయిల్ 20 కిలోహెర్ట్జ్ దగ్గర పావు ఓమ్. 200 కాస్తా అక్కడ 32 అవుతుంది. తప్పేమీ కాదు, ఆ కాయిల్ ఉండటమే మనకి క్షేమం. అది లేకుండా స్పీకర్ వైరు ఇండక్టెన్స్ మీదే ఆధారపడే డిజైన్లు కొన్ని ఉన్నాయి, వాటిని ఎలక్ట్రోస్టాటిక్‌కి దూరంగా పెట్టండి. అలాగే అల్లిక కేబుళ్లని ఖరీదైనవి అమ్ముతారు, వాటి కెపాసిటెన్స్ ఎక్కువ, ఉన్న బరువుకి ఇంకో బరువు.

వైరు గురించి అడగలేదు కానీ చెప్పేస్తాను. ఇంటి వైరింగ్‌కి వాడే 1.5 స్క్వేర్ ఎంఎం రాగి తీగ, స్పీకర్ అయిదు మీటర్ల దూరంలో ఉంటే పోనూ రానూ పది మీటర్లు, 0.12 ఓమ్ దాకా వస్తుంది. 2.5 తీసుకుంటే 0.07. యాంప్‌ని స్పీకర్ల దగ్గరికి జరిపితే ఇంకా తక్కువ, పైసా ఖర్చు లేదు.

---

డాలస్ డైపోల్

మాస్టారూ, ఒప్పుకున్నాను, త్రిభుజం మర్చిపోయాను. ఇంజినీరింగ్ చదివి పద్దెనిమిదేళ్లయింది. ఎన్‌కోర్ మాట మీద మాత్రం నిలబడతాను.

---

మణికొండ మధ్యమావతి

అమ్మో, ఒక్కరోజులో ఇంత! అందరికీ థాంక్స్. కొన్ని రెండోసారి చదివితే గానీ బుర్రకెక్కలేదు.

సుబ్బయ్య అన్నా, నువ్వు ఎలా కనిపెట్టావో గానీ రిసీవర్ ఉన్నది టీవీ యూనిట్‌లోనే, అద్దం తలుపు వెనకే, పైన సెట్‌టాప్ బాక్స్ కూడా పెట్టాను. నిన్న బయటికి తీసి బల్ల మీద పెట్టి, సెట్టింగ్ 8కి మార్చి రెండు గంటలు నడిపాను, ఒక్కసారి కూడా ఆగలేదు. సిగ్గేసింది. కానీ పెద్ద సౌండ్‌లో వయొలిన్ గీరుడు అలాగే ఉంది, కాబట్టి యాంప్ మార్చాలన్నది ఖాయం.

వాల్వ్ ఆయన్ని అవుట్‌పుట్ ఇంపీడెన్స్ ఎంత అని అడిగాను. మాస్టారు చెప్పినట్టే నవ్వారు. కానీ మంచి మనిషి, వారం రోజులు ఇంట్లో పెట్టుకుని చూసుకోమన్నారు. పాత క్లాస్ ఏబీ అమ్మేవాళ్లు కూడా ఆదివారం తెచ్చి చూపిస్తామన్నారు. ఎన్‌కోర్ వాళ్లు మాత్రం డబ్బు కట్టాకే అంటున్నారు. చూడటానికి పిలిస్తే ఏం చూడాలి?

---

సోల్డర్ సుబ్బయ్య

సిగ్గెందుకు, నేను రిపేర్ షాపులో ముప్పై ఏళ్లు కూర్చున్నా. నా దగ్గరకొచ్చిన యాంప్‌లలో గాలి ఆడక చచ్చినవే ఎన్నో.

పాతికేళ్ల యాంప్ అంటే ముందు మల్టీమీటర్ పట్టుకో. స్పీకర్ తగిలించకుండా, వాల్యూం సున్నాలో పెట్టి, అవుట్‌పుట్ టెర్మినళ్ల మధ్య డీసీ వోల్టేజీ చూడు. అరగంట నడిచాక 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే సరే, వందలు దాటితే దణ్ణం పెట్టి పంపించెయ్. వాల్తేరు గారి క్వాడ్ లాంటి ఫుల్ రేంజ్ ఎలక్ట్రోస్టాటిక్‌కి ఇది మరీ ముఖ్యం, ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ డీసీకి దాదాపు షార్ట్ లాంటిది, కాస్త డీసీ పోయినా కోర్ నిండిపోయి బేస్ పాడవుతుంది. నీ ప్యానెల్‌కి ముందు క్రాసోవర్ అడ్డం ఉంటుంది గానీ వూఫర్‌కి పోతుంది కదా.

తర్వాత మూత తీయించు. పెద్ద డబ్బా కెపాసిటర్లు ఎప్పుడు మార్చారని అడుగు. మార్చలేదంటే ఆ ఖర్చు బేరంలో తగ్గించుకో, పాతికేళ్లకి వాటి ఆయుష్షు అయిపోయినట్టే. రెండు ఛానెళ్ల హీట్‌సింకులూ ఒకేలా వెచ్చగా ఉన్నాయా చెయ్యి పెట్టి చూడు. ఒకటి చల్లగా, ఒకటి కాల్తూ ఉంటే బయాస్ (సిగ్నల్ లేనప్పుడూ పారే కరెంటు) తేడా.

అన్నీ బాగుంటే నువ్వు రోజూ వినేదాని కంటే కొంచెం పెద్ద సౌండ్‌లో గంట సేపు వయొలిన్, తాళాలు, ఆడగొంతులు ఉన్నవి పెట్టు. బేస్ పాటలతో యాంప్‌ని పరీక్షించకు, ఈ స్పీకర్లలో కష్టమంతా పైన ఉంది. 8, 4, 2కి వాట్లు దాదాపు రెట్టింపవుతున్నాయి అన్నావు, 125, 240, 400, ఆ కాగితం నిజమైతే పవర్ సప్లై గట్టిదే. నాకయితే మూడింట్లో అదే ముద్దొస్తోంది. వాల్వ్ వద్దని అనను, వాల్వ్‌లు మార్చే ఖర్చు, మన హైదరాబాద్ ఏప్రిల్‌లో ఆ గదిలో కూర్చునే ఓపిక, రెండూ నీవి.

---

వాల్తేరు వాల్వు

ఏప్రిల్ మాట ఒప్పుకుంటాను. మేము కూడా ఎండాకాలం సాయంత్రం ఏడు దాటాకే వింటాం.

ఇంకొకటి, ప్యానెల్ మీద పేరుకునే దుమ్ము గురించి ఎవరూ చెప్పలేదు. వేల వోల్టులున్న పొర ధూళిని అయస్కాంతంలా లాగుతుంది. మాకిక్కడ సముద్రపు తేమ తోడై వానాకాలంలో అప్పుడప్పుడు చిటపటమంటుంది. మీకు మణికొండలో కట్టడాల దుమ్ము. ప్లగ్ పీకి ఒక రాత్రి వదిలేసి, పొద్దున వాక్యూమ్ క్లీనర్‌కి మెత్తటి బ్రష్ పెట్టి మెల్లగా లాగండి. కొత్త యాంప్ వచ్చాక సౌండ్ తగ్గిందనో ఒకవైపు నీరసంగా ఉందనో అనిపిస్తే యాంప్‌ని తిట్టేముందు ఇది చేయండి.

---

మణికొండ మధ్యమావతి

మూడు వారాల తర్వాత వస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి.

వాల్వ్ యాంప్ వారం ఉంచుకున్నాను. 8 ట్యాప్‌లో వీణ బాగుంది, వయొలిన్ ముసుగేసినట్టు ఉంది. 4 ట్యాప్‌కి మార్చగానే ముసుగు చాలావరకు పోయింది, సౌండ్ మాత్రం కాస్త తగ్గింది. అంటే మీ ముగ్గురూ చెప్పింది తలా కొంచెం నిజమే. మధ్య స్వరాల్లో ఆ యాంప్‌కి సాటి లేదు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పాత రికార్డింగ్ గరగరల మధ్యలోంచి కూడా మనిషి ఎదురుగా కూర్చున్నట్టే వినిపించింది. కానీ ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ వదులైపోయి ఒక్కో స్వరం పక్కదాంట్లోకి జారిపోతోంది.

ఆదివారం క్లాస్ ఏబీ వచ్చింది. మోసుకొచ్చిన కుర్రాళ్లకి టీ ఇచ్చి మీటర్ తీశాను, డీసీ ఎడమ 12, కుడి 19 మిల్లీవోల్టులు. కెపాసిటర్లు మార్చలేదని నిజాయితీగానే చెప్పారు. తగిలించి వయొలిన్ పెట్టాను. గీరుడు లేదు. ఇంకొంచెం పెంచాను. లేదు. పక్కింటివాళ్లు గోడ తట్టేదాకా పెంచాను, అప్పుడూ లేదు. గంటకి హీట్‌సింకులు రెండూ చెయ్యి పెట్టగలిగేంత వేడి. అడిగిన దాంట్లో పన్నెండు వేలు తగ్గించి తీసుకున్నాను, ఆ డబ్బుతో కెపాసిటర్లు మార్పిద్దామని. డాలస్ అన్నా, ఎన్‌కోర్ వాళ్లు ఇంట్లో విననిస్తే అదీ చూసేవాణ్నే, ఏమీ అనుకోవద్దు.

వాల్వ్ యాంప్ తిరిగి ఇచ్చేస్తుంటే మా ఆవిడ, వీణకి అదే బాగుంది కదా ఎందుకిచ్చేస్తున్నావు అంది. ఖర్చు చూసి నోరు మూసుకున్నాను.

సుబ్బయ్య అన్నా, కెపాసిటర్లు లోపల 22,000 మైక్రోఫారడ్, 80 వోల్టులవి నాలుగున్నాయి. అదే విలువ పెట్టాలా, కొంచెం పెద్దవి పెట్టొచ్చా? ఇక్కడ మార్చేవాళ్లు 33,000 పెడదాం అంటున్నారు.

---

సోల్డర్ సుబ్బయ్య

ఉన్న విలువే పెట్టించు. 33,000 పెడితే స్విచ్ వేసిన క్షణంలో లాగే కరెంటు పెరిగి బ్రిడ్జ్ డయోడ్లకీ ఫ్యూజుకీ పని పెరుగుతుంది, ఆ పెట్టెని కట్టినవాళ్లు ఆ లెక్క వేసుకునే పెట్టారు. వోల్టేజీ రేటింగ్ మాత్రం 100ది దొరికితే తీసుకో, సైజు పడుతుందో లేదో ముందు స్కేల్ పెట్టి కొలుచుకో. పాతవి తీశాక పారెయ్యకుండా నీ దగ్గరే ఉంచమను, కొత్తవి వేశారో లేదో తెలుస్తుంది.